నల్లగుడ్డ కింది జవాబు

మా ఊళ్ళో గోతులు తవ్వేవాణ్ణి నేను. గుడి గంట కొట్టేదీ నేనే. శవం మీద కప్పే నల్లగుడ్డ నా దగ్గరే ఉంటుంది. చిన్నప్పుడు మూడు చలికాలాలు గుడిలో పూజ చేసే గురువుగారి ఇంట్లో కూర్చుని కీర్తనలు వల్లించాను. ఆ తరవాత పార చేతికొచ్చింది. ఎక్కువ మాట్లాడే అలవాటు లేదు. గోతి దగ్గర వాగేవాణ్ణి ఎవరూ మెచ్చరు. శవాలను చూసి నేను ఎన్నడూ భయపడలేదు. ఒక్కసారి తప్ప. ఆ రోజు శవం జవాబు పాడింది.

శవమంటే మా బావ ఓడార్. అప్పటికి బతికే ఉన్నాడు.

ఓడార్ మా చెల్లెలు ఎర్సాన్ మొగుడు. దున్నుకుని బతికేవాడే గానీ, గొంతు మాత్రం దేవుడు వేరే తీరుగా ఇచ్చాడు. పూజలో గురువుగారు ఒక చరణం ఎత్తుకుంటే జవాబు పాడేది అతనే. లాటినులో ఒక్క ముక్కకి అర్థం తెలీదు. అయినా ఒక్క అక్షరం తప్పేవాడు కాదు. పెళ్ళికీ అతనే, చావుకీ అతనే. దున్నేటప్పుడు ఎద్దులకు కూడా కీర్తనే. ఊళ్ళో పశువులకు గాళ్ళ రోగం వచ్చి గురువుగారు కొట్టం గుమ్మంలో సువార్త చదివితే, ఆవుల తరఫున ఆమెన్ అన్నదీ అతనే.

మా ఇళ్ళలో వంటకు కొలత కూడా జపాలే. పాలు కాగడానికి పరలోక జపం. గుడ్డు ఉడకడానికి, పాపం ఒప్పుకునే పెద్ద కీర్తన మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి. ఎర్సాన్ పొయ్యి ముందు నిలబడి గబగబా మొదలుపెట్టేది. ఓడార్ ఊరుకుంటాడా? ఒక చరణం ఆమె చెబితే, తరవాతి చరణం బల్ల మీద కూర్చుని రాగం తీసేవాడు.

"కీర్తన నీకోసం కాదయ్యా, గుడ్డుకోసం! బేగి కానియ్!"

"దేవుడికి తొందరేంటే?"

ఆ ఇంట్లో గుడ్డు ఎప్పుడూ రాయే. నేను చాలాసార్లు తిన్నాను.

కోతల కాలంలో ఒకనాడు ఓడార్ చొక్కా విప్పి పని చేస్తుంటే, మెడ వెనక తెల్లమచ్చ కనబడింది. చూసింది మారోయీ అత్త. ఊళ్ళో ఆమె కళ్ళను తప్పించుకున్నది ఏదీ లేదు. "ఒరే ఓడార్, మెడ మీద పిండి పడిందేంట్రా?" అంది. అందరూ నవ్వారు. ఓడార్ తుడుచుకున్నాడు. పోలేదు. నవ్వులు ఆగిపోయాయి.

గురువుగారు ఎవ్రార్ స్వామి మంచివాడు. తొందరపడలేదు. మఠానికి వెళ్ళి, అక్కడ గొలుసుతో కట్టి ఉంచిన పెద్ద పుస్తకంలో మోషే ధర్మం చదివి వచ్చాడు. తరవాత గుడి గుమ్మంలో ఓడార్‌ని నిలబెట్టి చూశాడు. మచ్చ తెలుపు. మచ్చలో వెంట్రుకా తెలుపు. అలా ఉంటే పెద్దరోగమేనని, వాణ్ణి ఊరి బయట ఉంచాలని పుస్తకం చెబుతోందన్నాడు. చెబుతూ ఓడార్ మొహం చూడలేకపోయాడు.

పెద్దరోగం వచ్చినవాడికి మా దగ్గర చావు పూజ చేస్తారు. బతికుండగానే. గుడి మధ్యలో రెండు ఎత్తైన బల్లలు వేసి, వాటి మీద నల్లగుడ్డ పరుస్తారు. కింద వాణ్ణి మోకాళ్ళ మీద కూర్చోబెడతారు. శవానికి ఏ పాఠాలు చదువుతారో అవే చదువుతారు. నేనే గంట కొట్టాను. నేనే గుడ్డ పరిచాను. గుడ్డ కిందికి దూరేటప్పుడు ఓడార్ నావైపు చూశాడు. నేను అంచు సర్దాను.

గురువుగారు చావు పాటలో మొదటి చరణం ఎత్తుకున్నాడు. పాడి ఆగాడు. జవాబు రావాలి. రాలేదు. ఎవరు పాడతారు? ఊళ్ళో ఎవరు చచ్చినా జవాబు పాడేవాడు ఆ గుడ్డ కిందే ఉన్నాడు. జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. గురువుగారు మళ్ళీ అదే చరణం పాడాడు. మళ్ళీ ఆగాడు.

అప్పుడు గుడ్డ కింద నుంచి జవాబు వచ్చింది.

రోజూ పాడే గొంతే. నిండుగా, ఒక్క అక్షరం తప్పకుండా. తన చావుకు తనే జవాబు పాడుతున్నాడు.

నా ఒళ్ళు చల్లబడిపోయింది. ఓడార్ తమ్ముడు తియారీ పరుగెత్తుకుంటూ బయటికి పోయాడు. మారోయీ అత్త నేల మీద కూలబడి సిలువ గుర్తు మీద సిలువ గుర్తు వేసుకుంది. ఎర్సాన్ మాత్రం కదల్లేదు. నోట్లో ముసుగు కొంగు కుక్కుకుని నిలబడింది.  గురువుగారేం చేస్తాడు? తరవాతి చరణం పాడాడు. గుడ్డ కింద నుంచి తరవాతి జవాబు వచ్చింది. అలా చివరిదాకా.

పూజ అయ్యాక ఏటి అవతల, రావి ఆకుల్లా గలగలలాడే తెల్లచెట్ల కింద వేసిన గుడిసె దగ్గరికి తీసుకెళ్ళాం. గురువుగారు నా చేతిలో పార తీసుకుని ఓడార్ పాదాల మీద మట్టి పోశాడు. లోకానికి చచ్చావు, దేవుడికి బతికావు అన్నాడు. రోగి వస్తున్నాడని తెలిపే చెక్క చిడతలు, చేతితొడుగులు, ఒక గిన్నె ఇచ్చాడు. గుడిలోకి రాకూడదు, ఊటలో చెయ్యి పెట్టకూడదు, ఎవరైనా ఎదురైతే తన గాలి వాళ్ళకు సోకకుండా గాలికి కిందివైపు నిలబడాలి, పిల్లల్ని తాకకూడదు. అన్నీ చెప్పాడు.

"మట్టి చల్లగా ఉంది బావా" అన్నాడు ఓడార్, నాతో.

నేను గురువుగారి చేతిలోంచి పార తీసుకున్నాను. 

*

ఏళ్ళు గడిచాయి. పొలం తియారీ దున్నుకున్నాడు. ఎర్సాన్ విధవల ముసుగు వేసుకుంది. ఆత్మల పండుగనాడు చచ్చినవాళ్ళ పేర్లతో పాటు ఓడార్ పేరూ చదివించి, కొవ్వొత్తి వెలిగించేది. వారానికోసారి ఏటి ఒడ్డున బండ మీద రొట్టె పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసేది. చూడొద్దని గురువుగారు చెప్పాడు. ఆమె చూడలేదు.

కానీ ఊళ్ళో ఎవరైనా పోయి నేను గంట కొడితే, చెట్ల అవతల నుంచి జవాబు వినబడేది. గాలి మావైపు ఉంటే చరణాలకు చరణాలు తెలిసేవి. పిల్లలు దయ్యం పాడుతోందనేవాళ్ళు. పెద్దవాళ్ళు వద్దనేవాళ్ళు కాదు. నేను గోతిలో నిలబడి వినేవాణ్ణి. ఒకసారి ఎర్సాన్‌ని అడిగాను.

"వినబడిందా?"

"ఏంటి?"

"పాట."

"నాకేం వినబళ్ళేదు అన్నయ్యా. నీకు ముసలి చెవులు" అని కిటికీ తలుపు వేసేసింది.

ఆ రోజు నాకు గుడ్డు ఉడకబెట్టి పెట్టింది. పగలగొడితే నీళ్ళలా కారింది. అంతకుముందూ అంతే, పచ్చిగానే ఉండేది. మళ్ళీసారి చెవి పెట్టి విన్నాను. సగం కీర్తనే చెబుతోంది. ఒక చరణం చెప్పి, తరవాతది వదిలేసి, ఆ తరవాతది అందుకుంటోంది. ఓడార్ చరణాలు నోట రానివ్వడం లేదు. నేను ఆ గుడ్డు తాగేసి వచ్చాను.

ఒక ఏడు, ఉపవాసాల తపస్సు కాలంలో గానుగవాడి తల్లి పోయింది. ఆమెకు గొయ్యి తవ్వుతున్నాను. నడి పగలు. గోడ అవతల ఎవరో నిలబడినట్టనిపించి తలెత్తాను.

మనిషి పిండిలో మునిగి లేచినట్టున్నాడు. మొహం తెలుపు, చేతులు తెలుపు, కనురెప్పల వెంట్రుకలు కూడా తెలుపు. కడపటి దినం వచ్చేసిందనుకున్నాను. గోతుల్లోంచి అందరూ లేస్తారు కదా, మొదటివాడు లేచాడనుకున్నాను. పార జారిపోయింది.

"బావా, నేనే."

గొంతు అదే.

"గాలెటుంది?" అన్నాను. అంతకంటే ఏం తోచలేదు.

"నీ దగ్గర్నించి నావైపే. చూసుకునే నిలబడ్డాను."

"చిడతలేవీ?"

"పారేశాను. చూడు." చేతితొడుగులు తీసి వేళ్ళు విప్పాడు. "ఒక్క వేలూ ఊడలేదు. ముల్లు గుచ్చితే నొప్పి తెలుస్తోంది. నిప్పు తగిలితే కాలుతోంది. పక్క ఊరి రోగిష్టులతో కలిసి అడుక్కున్నాను బావా, వాళ్ళకు ముక్కులు పోయాయి, నాకు తెలుపు మాత్రమే పెరిగింది. ఇప్పుడు ఒళ్ళంతా పాకేసింది. పాత రంగు గోరంత మిగల్లేదు. గురువుగారిని ఒక్కసారి చూడమను. నాకు ఇంటికి రావాలనుంది. ఇంకేం వద్దు."

గురువుగారిని పిలుచుకొచ్చాను. ఆయన గోడ ఇవతల నిలబడి చాలాసేపు చూశాడు. పెదవులు కదిలాయి, ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు. ఆయన మొహం కూడా తెల్లబడింది. గాడిదెక్కి ఆ పూటే మఠానికి బయలుదేరాడు.

తిరిగొచ్చాక ఊరందరినీ గుడి ముందు కూడదీశాడు. ఓడార్‌ని దూరంగా, గాలికి కిందివైపు నిలబెట్టాడు.

"అదే పుస్తకం, అదే పుట" అన్నాడు గురువుగారు. "మచ్చ ఉంటే బయట పెట్టమని పైన ఉంది. ఆ రోజు అంతవరకే చదివి వచ్చాను. అప్పటికి కావలసింది అంతవరకే. దాని కింద ఇంకో మాట ఉంది. రోగం తల నుంచి కాళ్ళదాకా పాకి మనిషి మొత్తం తెల్లబడిపోతే వాడు శుద్ధుడని రాసి ఉంది."



"కొంచెం తెలుపైతే రోగం, మొత్తం తెలుపైతే శుద్ధమా?" అంది మారోయీ అత్త. "ఇదెక్కడి లెక్క స్వామీ?"

"నా లెక్క కాదమ్మా. దేవుడిది."

తియారీ ముందుకొచ్చాడు. "శుద్ధుడే అనుకుందాం. మరి మీరు పాడిన చావు పూజో? మట్టి పోశారు కదా? అదెలా పోతుంది?"

గురువుగారు తల దించుకున్నాడు. "బయటికి పంపడానికి మన పుస్తకంలో పాఠం ఉంది. లోపలికి తేవడానికి లేదు. మోషే కాలంలో పిట్టల్ని పెట్టి ఏదో చేసేవారు. మనకది లేదు. ఇంతవరకు ఎవడూ తిరిగి రాలేదు."

"అయితే చచ్చినట్టే" అన్నాడు తియారీ.

"నీకు పొలం మీద బెంగ" అన్నాడు గానుగవాడు.

"బెంగ కాదు, భయం! పూజ చేయించుకున్న శవం గడప తొక్కితే ఏమవుతుందో నీకు తెలీదా?"

"ఇంకొకణ్ణి తోడు తీసుకుపోతుంది" అంది మారోయీ అత్త. "మా అమ్మ చెప్పేది."

ఎర్సాన్ అంతవరకు నేల చూస్తూ ఉంది. అప్పుడు తలెత్తి ఒకే ఒక్క మాట అడిగింది. "స్వామీ, ఇన్నేళ్ళు ఆయన ఆత్మకోసం నేను చెప్పిన జపాలన్నీ ఎవరికి చేరాయి?"

దూరంగా ఓడార్ నిలబడే ఉన్నాడు. ఎర్సాన్ అటు చూడకుండా ఇంటికి వెళ్ళిపోయింది. నేను వెనకే వెళ్ళాను.

"వస్తే తలుపు తీస్తావా?"

"చచ్చినవాణ్ణి పక్కలో పడుకోబెట్టుకోమంటావా అన్నయ్యా?"

"చావలేదు కదా."

"నువ్వు గంట కొట్టావు. నువ్వు గుడ్డ పరిచావు. నేను కూర్చుని ఏడ్చాను. ఇప్పుడు కాదంటే ఎట్లా? నేను విధవనా, కాదా? ఎవరైనా చెప్పండి నాకు!" పొయ్యిలో కట్టెను విసిరికొట్టింది. "నాకు భయంగా ఉంది. కళ్ళు మూస్తే ఆ గుడ్డే కనబడుతుంది. గుడ్డ కింద పాట."

నేను గడప మీద కాసేపు కూర్చుని లేచి వచ్చేశాను.

ఉపాయం గురువుగారికి తోచింది. తపస్సు కాలంలో ఒక శుక్రవారం లాజరు పాఠం వస్తుంది. చచ్చి నాలుగు రోజులైనవాణ్ణి ప్రభువు గోతిలోంచి పిలిచిన పాఠం. "పాఠంతో పంపాం, పాఠంతోనే పిలుద్దాం" అన్నాడు. "పిలుపుకి లేచాడా, ఇంటికి పోతాడు. మీకు సమ్మతమేనా?" జనం గొణిగారు గానీ కాదనలేదు. లాజరు పాఠాన్ని కాదనేదెవరు?

పెట్టెలోంచి నల్లగుడ్డ తీశాను. మైనం వాసన, ఎలుకల వాసన. పాత చోటే బల్లలు వేసి పరిచాను. ఓడార్ వచ్చి కిందికి దూరాడు. ఊళ్ళో ఇంటి దగ్గర ఆగినవాళ్ళు లేరు. అందరూ గోడలకు అంటుకుపోయి నిలబడ్డారు. ఎర్సాన్ తలుపు దగ్గర, ఒక కాలు బయట పెట్టి.

గురువుగారు చదవడం మొదలుపెట్టాడు. లాటిను మాకు రాదు. కానీ ఆ పాఠం ఎక్కడికి వచ్చిందో గొంతుని బట్టి మాకు తెలుసు. లాజరు అక్కచెల్లెళ్ళ ఏడుపు. ప్రభువు ఏడుపు. బండ తొలగించడం. తరవాత గొంతెత్తి పేరు పెట్టి పిలిచే చోటు. గురువుగారు గట్టిగా అరిచినట్టే చదివాడు. గుడి మోగింది.

గుడ్డ కదిలింది. బల్లలు పక్కకు ఒరిగాయి. నల్లగుడ్డ నేల నుంచి పైకి లేచింది. లేచి, మనిషంత ఎత్తున, గుడి మధ్యలో నిలబడింది.

ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. తలుపు దగ్గర తొక్కిసలాట అయింది. చేస్తున్నది మేమే, అడిగింది మేమే, అయినా గుండెలు ఆగిపోయాయి. మొహం లేని నల్లటి ఆకారం. నోరున్న చోట గుడ్డ లోపలికీ బయటికీ ఆడుతోంది.

"తీసెయ్యరా ఓడార్!" మారోయీ అత్త గొంతు చించుకుంది. "గుడ్డ తీసెయ్, చచ్చిపోతున్నాం ఇక్కడ!"

"అది నా పని కాదత్తా" అంది గుడ్డ. "పాఠం అవలేదు."

నాకు అప్పుడు గుర్తొచ్చింది. లాజరు బయటికొచ్చినప్పుడు కాళ్ళూ చేతులూ కట్టే ఉన్నాయి, మొహానికి గుడ్డ చుట్టే ఉంది. తనంతట తను విప్పుకోలేదు. ప్రభువు చుట్టూ నిలబడినవాళ్ళతో చెప్పాడు, కట్లు విప్పి పోనియ్యండని. గురువుగారు ఆ మాట చదివాడు. చదివి ఆగాడు.

మాకు చెప్పిన మాట అది. ఎవరూ కదల్లేదు.

ఆ గుడ్డ నాది. తీయవలసినవాణ్ణి నేను. అందరూ నావైపు చూశారు. నేను అడుగు వెయ్యలేదు. తియారీ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. గుడ్డ లోపలికీ బయటికీ ఆడుతూనే ఉంది, అంతకంతకూ వేగంగా. ఓడార్ ఏడుస్తున్నాడు. శబ్దం రానివ్వడం లేదు.

తలుపు దగ్గర్నించి అడుగుల చప్పుడు వినబడింది. జనాన్ని మోచేత్తో తోసుకుంటూ ఎర్సాన్ వచ్చింది. గుడ్డ అంచు పట్టుకోలేదు. ముందు, నోరున్న చోట అరచెయ్యి ఆనించింది. అలాగే ఉంచింది.

"వెచ్చగా ఉంది" అంది. ఎవరితో అందో తెలీదు.

ఒక్క గుంజు గుంజింది.

తెల్లటి మొహం బయటపడింది. తెల్లబడ్డాక ఆమె దగ్గర్నించి చూడడం అదే మొదటిసారి. అమ్మో అని వెనక్కి ఒక అడుగు వేసింది. మళ్ళీ ముందుకొచ్చి, చెంప ఛెళ్ళుమనిపించింది. సువార్త చదివే చోట, గురువుగారి ముందు. ఆ చప్పుడు నాకిప్పటికీ చెవుల్లో ఉంది.

"ఇన్నేళ్ళు ఏటి అవతల కూర్చుని పాడతావా! నేనిక్కడ ఎట్లా చావను!"

"నీకు వినబడిందా?" అన్నాడు ఓడార్.

"చెవులు మూసుకున్నా వినబడేదయ్యా!" అని నేల మీద కూలబడి భోరుమంది. ఓడార్ పక్కనే కూర్చున్నాడు, తాకాలా వద్దా తెలియక. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఏళ్ళ అలవాటు. ఎర్సానే ఆ చెయ్యి లాక్కుని కళ్ళు తుడుచుకుంది.

గురువుగారు ఎలాగో పూజ ముగింపుకి తెచ్చాడు. ఒకరికొకరు శాంతి చెప్పుకునేటప్పుడు ముద్దు పెట్టుకునే సిలువ పలక వరసగా చేతులు మారింది. ఓడార్ దాకా వచ్చింది. ముద్దు పెట్టుకున్నాడు. తరవాతివాడు తియారీ. చేతులు చాపలేదు. పలక గాల్లో ఆగిపోయింది.

మారోయీ అత్త వరస తప్పించి వచ్చి ఆ పలక లాక్కుంది. "ఇటియ్యి. నాకింకెన్నాళ్ళు? తోడు తీసుకుపోతే నన్నే తీసుకుపోనీ" అని చప్పుడయ్యేలా ముద్దు పెట్టింది. తరవాత నేను పెట్టుకున్నాను. తరవాత గానుగవాడు. తియారీ ఆఖర్న పెట్టుకున్నాడు, కళ్ళు మూసుకుని. పొలం సగం విత్తనాల వేళకు వదిలాడు. మిగతా సగం సంగతి ఇంకా తేలలేదు.

తపస్సు కాలం ముగిసి, ప్రభువు గోతిలోంచి లేచిన పాస్క పండుగ వచ్చింది. గుడ్లు ముట్టుకునేది మళ్ళీ ఆ రోజే. ఎర్సాన్ నన్ను భోజనానికి పిలిచింది. పొయ్యి ముందు నిలబడి, గుడ్లు నీళ్ళలో వేసి, పెద్ద కీర్తన అందుకుంది. మొదటి చరణం చెప్పింది. ఆగింది.

బల్ల మీద నుంచి ఓడార్ రెండో చరణం ఎత్తుకున్నాడు. గుడిలో పాడినట్టు, ఒక్కో అక్షరాన్ని సాగదీస్తూ. ఎర్సాన్ గరిటె పట్టుకుని అటు తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అతను ముగించేదాకా ఆగి, మూడోది చెప్పింది.

గుడ్డు నా చేతిలో పెట్టింది. పెంకు తీశాను. రాయి. నాకు అప్పటికే ముందుపళ్ళు లేవు.

నమిలాను. చాలాసేపు పట్టింది.